మూపురం తక్కువున్న ఎద్దుకు కాడి కుదిరేలా చూసుకోండి

తొలకరి పడగానే అందరికీ ఒకేసారి ఎద్దులతో పని పడుతుంది. అదే సమయంలో ఒక ఎద్దు మెడకు కాడి పుండు పడితే, అది మానే వరకు జత మొత్తం కొట్టంలోనే ఉంటుంది. అదును దాటిపోతుంది.

ఒంగోలు జాతి ఎద్దుకు మూపురం పెద్దది కాబట్టి కాడి దాని ముందు చక్కగా ఆగుతుంది. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఎద్దులకు మూపురం చిన్నది. కాడి వెనక్కి జారుతుంది. జారకుండా మెడ కింది తాడు బిగిస్తే గొంతు నొక్కుకుని ఎద్దుకు ఊపిరాడదు. మెత్త మందంగా వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ముందు సరిచేయాల్సింది కాడి ఆకారం. మెత్త ఆ తర్వాతే.

కాడి ఎక్కడ ఒత్తుతోందో చూడండి

పని ముగించి కాడి దించిన వెంటనే మెడను అరచేత్తో తడిమి చూడండి. వెంట్రుకలు రాలిన చోటు, వేడి, వాపు, తాకితే ఎద్దు మెడ విదిల్చడం, కాడి చూడగానే వెనక్కి తగ్గడం పుండుకు ముందు కనిపించే గుర్తులు.

400 కిలోల ఎద్దు నిలకడగా పని చేసేటప్పుడు తన బరువులో సుమారు పదో వంతు, అంటే 40 కిలోల బలంతో లాగుతుంది. ఆ ఒత్తిడంతా కాడి ఆనే కొద్ది చోటు మీదే పడుతుంది. ఆనే చోటు రెట్టింపైతే ఒత్తిడి సగమవుతుంది.

ఏం చేయాలి?

• కాడి అడుగుభాగాన్ని మెడ వంపుకు తగ్గట్టు వెడల్పుగా, అంచులు గుండ్రంగా ఉండేలా వడ్రంగి చేత చెక్కించండి.
• మెడకూ చీలలకూ మధ్య రెండు పక్కలా రెండేసి వేళ్లు దూరాలి. మెడ కింది తాడు కూడా అంతే వదులుగా ఉండాలి.
• మెత్త వేస్తే చీలల మధ్య చోటు తగ్గుతుంది. కాబట్టి మెత్త వేశాక మళ్లీ కొలవండి. ముడతలు పడే గోనెసంచి కన్నా దూది నింపి చదునుగా కుట్టిన గుడ్డ మెత్త మేలు. చెమటకు గట్టిపడితే ఉతికి ఆరబెట్టండి.
• ఇంత చేసినా కాడి జారుతుంటే ఆ ఎద్దును బరువు బండికి కట్టకండి. గొర్రు, అంతరకృషి వంటి తేలిక పనులకే వాడండి.

జత సమానంగా లేకపోతే

నాగలి కట్టే చోటును కాడి మధ్య నుంచి బలమైన ఎద్దు వైపు కొద్దిగా జరపండి. రెండు మెడల మధ్య దూరం 120 సెంటీమీటర్లు అనుకుంటే, 5 సెంటీమీటర్లు జరిపితే బలమైన ఎద్దు మీద సుమారు 54 శాతం, బలహీనమైన దాని మీద 46 శాతం భారం పడుతుంది. బండికైతే ముందు బరువు ఎక్కువైతే మెడ నలుగుతుంది, వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి గొంతు బిగుస్తుంది. సరుకును ఇరుసు మీద సమంగా సర్దండి.

వేసవి విశ్రాంతి తర్వాత మెడ చర్మం మెత్తబడి ఉంటుంది. మొదటి వారం రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. వానకు తడిసిన మెడ త్వరగా ఒరుసుకుపోతుంది, తుడిచి ఆరనివ్వండి.

పుండు పడితే

వెంటనే పని ఆపండి. శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, ఈగలు వాలకుండా చూడండి. పాత ఇంజన్ ఆయిల్ పూయకండి. గడ్డను ఇంట్లో కోయకండి. పశువైద్యుడిని సంప్రదించండి, లేదా సంచార పశువైద్య సేవల కోసం 1962కు ఫోన్ చేయండి. పుండున్న పశువు చేత పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఏరువాకకు పది రోజుల ముందే కాడిని ఎద్దు మెడ మీద ఉంచి చూసుకోండి. సరిచేయించుకోవడానికి అప్పుడు సమయం దొరుకుతుంది.