ఆసుపత్రి పడక దిగిన తరువాత

పొదిలి ప్రాంతపు రైతుకు పొగాకు పరాయి వస్తువు కాదు. నారు పోసిన నాటినుండి ఆకు కోసి, బ్యారన్‌లో క్యూరింగు చేసి, బేళ్లు కట్టి వేలానికి తెచ్చేవరకు ఇంటిల్లిపాది చెమట అందులో కలిసి ఉంటుంది. పిల్ల పెండ్లి, పిల్లవాని చదువు ఆ యేటి ధర మీదనే ఆధారపడతాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు వేలం కేంద్రాలలో పొదిలి కూడా ఒకటి. అటువంటి నేల మీద నిలిచి పొగ మానమని చెప్పడం కొంత సాహసమే. అయినా గుండెనొప్పితో ఆసుపత్రి చేరిన మనిషికి ఆ మాట చెప్పక తప్పదు.

పోర్చుగీసు వర్తకుల వెంట వచ్చిన ఈ ఆకు 17వ శతాబ్ది ఆరంభంలో మొగలు కొలువుకు చేరింది. 1617లో జహంగీరు నిషేధించినా అది ఆగలేదు. తెలుగునాట చుట్ట దర్జాకు, రసికతకు గుర్తయింది. ‘కన్యాశుల్కం’లో గిరీశం వద్ద వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమే గదా! ఆ సన్నివేశానికి నవ్వని తెలుగువాడు లేడు. గుండెజబ్బుల వార్డులో మాత్రం ఆ విద్యాఫలం నవ్వు పుట్టించదు.

పొగలోని నికోటిను గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నాళాల లోపలిపొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టే స్వభావం హెచ్చుతుంది. అనగా గుండెకు పని పెరుగుతుంది, ఆహారం తరుగుతుంది.

ఇది ఊహ కాదు. మన దేశంతోసహా 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పొగ త్రాగేవారికి గుండెపోటు ముప్పు త్రాగనివారికన్న సుమారు మూడురెట్లని అది తేల్చింది. సిగరెట్టుకన్న బీడీ మేలనుకొనేవారి భ్రమను అదే పరిశోధన 2006లో తొలగించింది. బీడీ ముప్పు కూడా దాదాపు అంతే.

ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ రోగి పొగ జోలికి పోడు. భయం ఒకవైపు, వైద్యుని మాట మరొకవైపు, బహిరంగ స్థలాలలో నిషేధం వేరొకవైపు అతనిని కాపాడతాయి. అసలు పరీక్ష ఇల్లు చేరిన తరువాతనే. చుట్ట ముట్టించనిదే ప్రాతఃకాలకృత్యం సాగదని ఒకరంటారు. రోజుకు ఒకటే గదా అని మరొకరంటారు. రచ్చబండ దగ్గర బీడీ అందించడం మర్యాద, కాదనడం మొగమాటం. ఇది మన పల్లెవాని బలహీనత మాత్రమే కాదు. 2016–17లో 27 దేశాల హృద్రోగులను పరిశీలించగా, జబ్బుకు ముందు పొగ త్రాగేవారిలో సగానికి పైగా తరువాత కూడా త్రాగుతూనే ఉన్నారు.

మానినవారికి కలిగే లాభం స్వల్పమైనది కాదు. ఇరవై అధ్యయనాలను సమీక్షించి 2003లో ప్రకటించిన ఫలితం ప్రకారం, గుండెజబ్బు వచ్చిన తరువాతనైనా పొగ మానినవారిలో మరణభయం మానని వారికన్న 36 శాతం తక్కువ. ఇంత మేలుకు ఖర్చు కానీ లేదు. మరొక సంగతి కూడా గమనింపదగినది. ఆసుపత్రిలో ఆరంభించిన హితబోధ, ఇల్లు చేరిన తరువాత కనీసం ఒక నెల కొనసాగినప్పుడే సత్ఫలితమిస్తున్నదని అనేక పరీక్షలు తెలిపాయి.

ఆ నెలరోజులు రోగి వెంట ఉండేది వైద్యుడు కాదు, ఇంటివారు, ఇరుగుపొరుగు. ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ ఇక్కడ పని ఉన్నది. తండ్రికి బీడీకట్ట తెచ్చేది తరచు బడిపిల్లవాడే. పద్దెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనీ, విద్యాలయాలకు నూరు గజాల లోపల అసలే అమ్మరాదనీ 2003 నాటి చట్టం శాసిస్తున్నది. ఆ సంగతి పిల్లలకు తరగతిలో తెలిస్తే, కొట్టుకు పొమ్మన్న తండ్రికి వినయంగా బదులు చెప్పగలరు. ఇంట్లో అగ్గిపెట్టె, బీడీకట్ట కనబడకుండా తీసివేయవచ్చు. ఒకనాడు తప్పి కాల్చినా దెప్పిపొడవక, మరునాడు మళ్లీ మానమని ప్రోత్సహించవచ్చు.

పొగాకు పండించినందుకు రైతును నిందించి ప్రయోజనం లేదు. అది అతని బ్రతుకుతెరువు. అయితే ఆ పంట సొమ్ము చూచి సంతోషించడానికి అతడు బ్రతికి ఉండాలి గదా!