నాలుక ముడి విడుదలకు ముందు, తర్వాత ఆస్టియోపతి సంరక్షణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాలు తాగే శిశువులకు నాలుక ముడిని విడదీసే చికిత్సకు ముందు, తర్వాత ఆస్టియోపతి సంరక్షణ తీసుకునే పద్ధతి కొన్ని పాశ్చాత్య దేశాల్లో ఉంది. దాని వెనుక ఉన్న ఆలోచననూ, ఆధారాలనూ, పరిమితులనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నాలుక ముడి, ఫ్రీనాటమీ, ఆస్టియోపతి, స్తన్యపానం, శిశుసంరక్షణ.

1. ఉపోద్ఘాతం:
నాలుక అడుగుభాగాన్ని నోటి నేలతో కలిపే మడత పొట్టిగానో బిగువుగానో ఉండి నాలుక కదలికకు అడ్డుపడడాన్ని నాలుక ముడి లేదా టంగ్ టై అంటారు. శిశువు చనుమొనను లోతుగా పట్టుకోలేకపోతే తల్లికి నొప్పి, పుండ్లు కలుగుతాయి. బిడ్డకు పాలు చాలవు. ఆ మడతను కత్తెరతో గాని లేజరుతో గాని విడదీయడమే ఫ్రీనాటమీ. ఈ మడత విడిగా ఉన్న తీగ కాదనీ, నోటి నేలను కప్పిన పొర పైకి లేవగా ఏర్పడేదనీ నిక్కీ మిల్స్ బృందం 2019లో నిరూపించింది. కాబట్టి మడత కనిపించడమే వ్యాధి కాదు. పాలు తాగడానికి అడ్డు కలిగినప్పుడే అది సమస్య.

2. ఆస్టియోపతి దృష్టి:
ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఈ విధానాన్ని ప్రతిపాదించి, 1892లో అమెరికాలోని కర్క్స్‌విల్‌లో తొలి పాఠశాలను స్థాపించాడు. నాలుక కండరాలు కింది దవడతోనూ, మెడలోని హయాయిడ్ ఎముకతోనూ ముడిపడి ఉంటాయి. ఇది శరీరనిర్మాణ సత్యం. మెడ, దవడల బిగువును చేతితో సడలిస్తే చూషణం మెరుగుపడుతుందన్నది మాత్రం పరీక్షకు నిలవవలసిన ప్రతిపాదన. పుర్రె ఎముకల సూక్ష్మచలనాలను చేతితో సరిచేయవచ్చన్న సదర్లాండ్ సిద్ధాంతానికి బలమైన ఆధారం లేదు.

3. విడుదలకు ముందు:
ఈ దశలో ఆస్టియోపతులు మెడ ఒకే వైపు తిరిగి ఉందా, దవడ తగినంత తెరుచుకుంటుందా అని పరిశీలించి, మృదుస్పర్శతో చికిత్స చేస్తారు. అయితే బిడ్డ బరువు, తడిపే గుడ్డల సంఖ్య, తల్లి పాలిచ్చే భంగిమ ముందుగా చూడవలసినవి. భంగిమను సరిదిద్దితేనే కొందరికి కోత అవసరం తప్పుతుంది. రక్తస్రావ స్వభావం కుటుంబంలో ఉందా, విటమిన్ కె ఇచ్చారా అన్నది వైద్యుడు తెలుసుకోవాలి.

4. విడుదల తర్వాత:
కోత కాగానే బిడ్డకు పాలు పట్టిస్తారు. గాయంపై కొన్నాళ్లు తెల్లని లేదా పసుపు పచ్చని పొర కనబడుతుంది. అది చీము కాదు. అలవాటైన చూషణరీతి ఒక్కరోజులో మారదు గనుక పాలిచ్చే విధానంలో శిక్షణ కొనసాగాలి. ఆస్టియోపతులు ఈ దశలో మెడ, దవడలపై మళ్లీ పనిచేస్తారు. ఆగని రక్తం, జ్వరం, పాలు మానేయడం, మూత్రం తగ్గడం కనబడితే ఆస్టియోపతి కోసం వేచి ఉండక వైద్యుని చూడాలి.

5. ఆధారాలు:
2017నాటి కాక్రేన్ సమీక్ష 5 ప్రయోగాలలోని 302 మంది శిశువులను పరిశీలించింది. ఫ్రీనాటమీ వల్ల తల్లి నొప్పి తాత్కాలికంగా తగ్గిందనీ, పాలు తాగడంలో నిలకడైన మేలు తేలలేదనీ పేర్కొంది. ఆస్టియోపతి విషయంలో ఫలితాలు పరస్పరం భిన్నంగా ఉన్నాయి. కెనడాలో 97 జంటలపై జరిగిన 2017నాటి ప్రయోగంలో, పాలిచ్చే శిక్షణకు ఆస్టియోపతిని జోడించినప్పుడు స్తన్యపానం మెరుగైంది. ఫ్రాన్సులో 128 మంది శిశువులపై జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, నెల నాటికి కేవల స్తన్యపానం పెరగలేదు. ఈ రెండూ పాలు తాగడంలోని ఇబ్బందులపై జరిగినవే గాని నాలుక ముడి విడుదలకు ముందు, తర్వాతి సంరక్షణను ప్రత్యేకంగా పరీక్షించినవి కావు.

6. ముగింపు:
తెలుగు ఇళ్లలో పసిబిడ్డకు నూనె రాసి ఒళ్లు మర్దించి స్నానం పోయడం అనాదిగా ఉన్న ఆచారం. మృదుస్పర్శ బిడ్డకు హాయినిస్తుందన్నది అనుభవసిద్ధమే. కానీ హాయిని కలిగించడం వేరు, లోపాన్ని సరిచేయడం వేరు. ఆస్టియోపతిని తోడుగా ఎంచుకోవచ్చు. స్తన్యపాన సలహాకు, శిశువైద్యుని పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాకూడదు. పాలు చాలని పసికందుకు ప్రతిరోజూ విలువైనదే.