న్యుమోనియా

న్యుమోనియా ఊపిరితిత్తులకు సోకే వ్యాధి. ఊపిరితిత్తులలో వాయుకోశాలు అనే చిన్న గాలి తిత్తులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ వీటి పలుచని గోడల ద్వారా రక్తంలో చేరుతుంది. వ్యాధి సోకినపుడు ఇవి చీముతోను, ద్రవంతోను నిండడం వలన రక్తానికి చాలినంత ఆక్సిజన్ అందదు. ఐదేళ్ళ లోపు పిల్లలకు, వృద్ధులకు, పొగత్రాగేవారికి, మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాధి వలన ప్రమాదం ఎక్కువ.

కారణాలు

బాక్టీరియా, వైరస్‌లు, అరుదుగా శిలీంధ్రాలు ఈ వ్యాధిని కలిగిస్తాయి. బాక్టీరియాలలో న్యుమోకోకస్ ముఖ్యమైనది. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా ఈ క్రిములు వ్యాపిస్తాయి.

లక్షణాలు

దగ్గు, జ్వరం, వణుకు, ఛాతీ నొప్పి, ఆయాసం ముఖ్య లక్షణాలు. వృద్ధులలో జ్వరం లేకుండా అయోమయం మాత్రమే కనిపించవచ్చు. దగ్గుతో ఉన్న పిల్లలలో శ్వాస వేగమే ముఖ్యమైన గుర్తు. బిడ్డ ఏడవకుండా ఉన్నపుడు పూర్తి నిమిషం పాటు శ్వాసలను లెక్కించాలి. కింది సంఖ్య గాని, అంతకు మించి గాని ఉంటే వేగంగా ఉన్నట్లు భావిస్తారు.

* 2 నెలల లోపు: 60
* 2 నుండి 12 నెలల లోపు: 50
* 1 నుండి 5 ఏళ్ళ లోపు: 40

గాలి పీల్చినపుడు ఛాతీ కింది భాగం లోపలికి పోవడాన్ని డొక్కలెగరేయడం అంటారు. ఇది వ్యాధి ముదిరిందనడానికి గుర్తు. పాలు త్రాగలేకపోవడం, మగత, ఫిట్స్, పెదవులు నీలంగా మారడం ప్రాణాపాయ సూచనలు.

చికిత్స

జనగామ జిల్లాలోని పాలకుర్తి వంటి గ్రామీణ మండలాలలో వ్యాధిని మొదట గమనించేది తల్లి లేదా ఆశా కార్యకర్త. శ్వాసలను లెక్కించడానికి ఎక్స్‌రే అవసరం లేదు, గడియారం చాలు. వేగం ఎక్కువగా ఉంటే ఆలస్యం చేయక ఏఎన్ఎం వద్దకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని తీసుకువెళ్ళాలి. ప్రమాద సూచనలుంటే 108 వాహనంలో జనగామ జిల్లా ఆస్పత్రికి లేదా వరంగల్‌లోని మహాత్మా గాంధీ స్మారక ఆస్పత్రికి చేర్చవలసి ఉంటుంది.

బాక్టీరియా వలన వచ్చిన న్యుమోనియాకు పిల్లలలో సాధారణంగా అమాక్సిసిలిన్ ఇస్తారు. నయమైనట్లు కనిపించినా వైద్యులు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. వైరస్‌లపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితే ఆక్సిజన్ పెడతారు. వాతలు పెట్టడం వంటి నాటు పద్ధతుల వలన గాయాలవడమే కాక చికిత్స ఆలస్యమవుతుంది.

పెద్దలలో కొన్ని రకాల న్యుమోనియాకు వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ తరగతికి చెందినది. ఈ తరగతిలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుండి వెలువడింది. దానిని బెంజమిన్ డగ్గర్ కనుగొన్నపుడు అక్కడి పరిశోధనలకు సారథి తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

నివారణ

న్యుమోకోకస్ టీకాను (పీసీవీ) భారత ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాలలో ప్రవేశపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. దీనిని 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తారు. హైదరాబాదుకు చెందిన బయోలాజికల్ ఇ సంస్థ తయారుచేసిన 14 రకాల న్యుమోకోకస్ టీకాకు 2022లో దేశంలో అనుమతి లభించింది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, చేతులు కడుక్కోవడం, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ లేకుండా చూడడం కూడా పిల్లలను ఈ వ్యాధి నుండి కాపాడతాయి.