చౌక యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్: గుర్తింపు, డ్రైవర్ ఎంపిక

చౌకగా లభించే యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ ఒక కంప్యూటరులో పనిచేసి మరొకదానిలో పనిచేయకపోవడానికి ప్రధాన కారణం, లోపలి చిప్‌కు తగిన డ్రైవర్ లేకపోవడమే. పైన ముద్రించిన పేరు ఆ చిప్ ఏదో తెలుపదు. అయితే ప్రతి యూఎస్‌బీ పరికరం తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య అనే రెండు 16 బిట్ల గుర్తింపులను కంప్యూటరుకు అందిస్తుంది. వీటిని విండోస్‌లో డివైస్ మేనేజర్, మాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్, లినక్స్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం చూపుతాయి.

కొన్ని వైఫై అడాప్టర్లు విండోస్ డ్రైవరును తమలోనే ఉంచుకొని, మొదట సీడీ డ్రైవ్‌గా కనిపిస్తాయి. లినక్స్‌లో వాటిని ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ ద్వారా నెట్‌వర్క్ స్థితికి మార్చవలసి ఉంటుంది. ఈథర్నెట్ అడాప్టర్లలో సీడీసీ ప్రమాణాన్ని పాటించేవి మాక్, లినక్స్‌లలో సాధారణంగా అంతర్నిర్మిత డ్రైవరుతోనే పనిచేస్తాయి.

కనుక గుర్తింపు సంఖ్యలను నిర్ధారించుకొన్న తరువాతే డ్రైవరును ఎంచుకోవాలి. తెలియని వెబ్‌సైట్ల నుండి దించుకొన్న డ్రైవర్ కంప్యూటరులోని పరిశోధన సమాచారానికే ముప్పు కాగలదు.