నిద్రను చెడగొట్టే నులిపురుగులు

రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో పిల్లవాడు లేచి కూర్చుని దురద అని ఏడుస్తాడు. తల్లి సముదాయించి పడుకోబెడుతుంది. మరునాడు బడిలో పాఠం మధ్య ఆ పిల్లవాడే కునికిపాట్లు పడతాడు. ఉపాధ్యాయుడు దానిని సోమరితనమనుకోవచ్చు. కాని అందుకు కారణం తెల్లని దారపు ముక్కవంటి ఒక చిన్న పురుగు కావచ్చు. అదే నులిపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని ఎంటిరోబియస్ వర్మిక్యులారిస్ అంటారు.

ఆడపురుగు పొడవు 8 నుండి 13 మిల్లీమీటర్లు. మగపురుగు 5 మిల్లీమీటర్లకు మించదు. ఇవి పెద్దప్రేగు మొదటి భాగంలో నివసిస్తాయి. గుడ్లు పెట్టే సమయం వచ్చినప్పుడు ఆడపురుగు రాత్రివేళ ప్రేగు వెంబడి క్రిందికి ప్రాకి, మలద్వారం వెలుపల చర్మపు ముడతలలో వేలకొలది, ఒక్కొక్కప్పుడు 10,000కు పైగా గుడ్లు పెట్టి చనిపోతుంది. పురుగు ప్రాకడం వల్లను, గుడ్లకు అంటి ఉండే జిగురు వల్లను దురద పుడుతుంది.

పిల్లవాడు గోకుతాడు. గుడ్లు గోళ్ల సందున చేరుతాయి. నాలుగు నుండి ఆరు గంటలలో అవి పక్వమవుతాయి. ఆ చేతితోనే తినుబండారం తింటే గుడ్లు కడుపులోనికి పోతాయి; సుమారు నెల రోజులలో కొత్త పురుగులు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతాయి. పురుగు ఆయుర్దాయం రెండు నెలలు మాత్రమే. కొత్త గుడ్లు నోటికి చేరకపోతే ఈ బాధ చాలావరకు దానంతట అదే అంతరించవలసినది. అలా జరగనీయనివి మన చేతివేళ్లే.

బెల్లం, మిఠాయి తింటే నులిపురుగులు పుడతాయనే నమ్మకం ఉన్నది. అది సరికాదు. పురుగు గుడ్డు నుండే పుడుతుంది. కుక్కలు, పిల్లులు కూడ దీనిని అంటించవు; మనిషి నుండే మనిషికి వస్తుంది. శుభ్రమైన ఇండ్లలోను ఇది కనిపిస్తుంది గనుక సిగ్గుపడి దాచవలసిన పని లేదు.

గుడ్లు శరీరం వెలుపల పెడుతుంది కనుక మలపరీక్షలో ఇవి తరచు కనిపించవు. 1941లో గ్రాహమ్ ఒక సులువైన పద్ధతి ప్రకటించాడు. ఉదయం స్నానానికి ముందు జిగురు గల పారదర్శకమైన టేపును మలద్వారం వద్ద చర్మానికి అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లు కనిపిస్తాయి. వరుసగా మూడు ఉదయాలు పరీక్షించడం మంచిది.

ఆల్బెండజోల్, మెబెండజోల్, పైరాంటెల్ అనే మందులు పురుగులను చంపుతాయి, గుడ్లను చంపలేవు. అందుచేత మిగిలిన గుడ్ల నుండి వచ్చిన పురుగులను కూడ నిర్మూలించడానికి రెండు వారాల తరువాత మరొక మోతాదు వేసుకోవాలి. ఒక్క పిల్లవానికే మందు ఇస్తే ప్రక్కన పడుకునే చెల్లెలి నుండి మళ్లీ అంటుకుంటుంది. కావున ఇంటిల్లిపాది ఒకే రోజున వేసుకోవాలి. గర్భిణులకు, రెండేండ్లలోపు పిల్లలకు మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి. మన దేశంలో 2015లో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినం ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగుల కోసం ఉద్దేశించినది. ఆనాడు బడిలో ఇచ్చే ఒక్క మాత్రతో ఈ దురద పూర్తిగా పోయిందని భావించరాదు.

గోకిన చోట చర్మం చిట్లి సూక్ష్మజీవులు చేరి చీము పట్టవచ్చు. ఆడపిల్లలలో పురుగులు జననాంగంలోనికి ప్రాకి మంట కలిగించవచ్చు. ఆ చోటును గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండ మెత్తని బట్టతో అద్దాలి. ఘాటైన క్రిమిసంహారక ద్రవాలు పూస్తే మంట మరింత ఎక్కువవుతుంది. చీము, వాపు ఉంటే వైద్యునికి చూపాలి.

నివారణకు కావలసినవి సామాన్యమైన అలవాట్లే. ప్రతి ఉదయం స్నానం చేస్తే రాత్రి పెట్టిన గుడ్లు కొట్టుకొనిపోతాయి. లోదుస్తులు రోజూ మార్చాలి. తేమగల చోట గుడ్లు రెండు మూడు వారాలు బ్రతుకుతాయి కనుక దుప్పట్లను దులపకుండ చుట్టి తీసి, వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడగాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి, కొరకరాదు.

తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవానిని పదిమందిలో నిలబెట్టి అడగడం కంటె, తల్లిదండ్రులకు రహస్యంగా ఒక మాట చెప్పడం మేలు. నెలలో రెండు మాత్రలు, ఒక గోళ్ల కత్తెర, ఒక సబ్బుబిళ్ల ఆ బిడ్డకు పోయిన నిద్రను తిరిగి ఇవ్వగలవు.