స్వదేశీ రైఫిల్‌కు క్యాలిబర్ ఎంపిక: తూటా ముందు, తుపాకి తరువాత

ఒక దేశం తన సైనికునికి తన కర్మాగారంలోనే రైఫిల్ తయారుచేసి ఇవ్వదలచినప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసినది అది కాల్చే తూటా ఏదన్న విషయం. రైఫిల్ గొట్టం లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటాము. మిల్లీమీటర్లలో చెప్పే ఈ చిన్న అంకె ఒకసారి ఖాయమైతే గొట్టం తొలిచే యంత్రాలు, కొలత గేజీలు, తూటాల కర్మాగారాలు, ఆయుధాగారాలలోని నిల్వలు, చివరకు సైనికుడు మోసే సంచి బరువు, అన్నీ దశాబ్దాల పాటు దానిని అనుసరించే నడుస్తాయి. స్వాతంత్ర్యానంతరం మన దేశం ఈ నిర్ణయాన్ని ప్రధానంగా మూడుసార్లు తీసుకొన్నది. ఉత్పాదక రంగంలో ఉన్న మనం ఆ చరిత్ర నుండి గ్రహించవలసినది ఎంతో ఉన్నది.

అంకె వెనుక అర్థం

గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గాడుల నడుమ మిగిలిన గట్లకు ఎదురెదురుగా కొలిస్తే వచ్చేదే క్యాలిబర్. అందువల్ల 5.56 మి.మీ. రైఫిల్‌లో వాడే గుండు వాస్తవానికి సుమారు 5.7 మి.మీ. ఉంటుంది. అది గాడులలో ఒత్తుకొని, వేగంగా తిరుగుతూ వెలువడుతుంది. ఆ భ్రమణమే దానిని దారి తప్పకుండా నిలుపుతుంది.

అయితే వ్యాసం ఒక్కటే చెబితే చాలదు. 7.62 మి.మీ. తూటాలలో 51 మి.మీ. పొడవైన తొడుగు గలది నాటో దేశాల ప్రమాణం, 39 మి.మీ. తొడుగు గలది సోవియట్ సంప్రదాయానికి చెందినది. పేరులో అంకె ఒకటే అయినా ఒక దాని రైఫిల్‌లో మరొకటి పనికిరాదు.

ఈ మూడింటి లెక్క చూడండి. 7.62×51 తూటా ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములు తూగుతుంది. దాని 9.5 గ్రాముల గుండు సెకనుకు 840 మీటర్ల వేగంతో వెలువడుతుంది. శక్తి దాదాపు 3,300 జౌళ్లు. 5.56×45 తూటా బరువు అందులో సగం, 12 గ్రాములు మాత్రమే. 4 గ్రాముల గుండు, 900 మీటర్ల వేగం, 1,600 జౌళ్ల శక్తి. 7.62×39 ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది: బరువు 16, 17 గ్రాములు, శక్తి సుమారు 2,000 జౌళ్లు. శక్తి పెరిగినకొద్దీ భుజానికి తగిలే తన్ను కూడా పెరుగుతుంది. రెండవ గుండుకు గురి నిలపడం కష్టమవుతుంది. ఒకే బరువులో ఇన్ని తూటాలా, ఇంత దెబ్బా అన్నదే ఈ బేరం. రెండూ పూర్తిగా ఇచ్చే తూటా లేదు.

మొదటి మలుపు

1962 చైనా యుద్ధం నాటికి మన పదాతిదళం చేతిలో ప్రధానంగా ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిల్. ప్రతి గుండుకూ బోల్టు లాగవలసిన ఆయుధమది. ఆ యుద్ధానుభవం తరువాత 7.62×51 తూటాను స్వీకరించి, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో 1ఎ1 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఉత్పత్తిని చేపట్టారు. దానితో పాటు పాత త్రీ నాట్ త్రీ నమూనానే మెరుగైన ఉక్కుతో బలపరచి, కొత్త తూటాకు అనువుగా 2ఎ రైఫిల్‌ను రూపొందించారు. పాత యంత్రాలనూ, పాత నైపుణ్యాన్నీ పారవేయకుండా కొత్త తూటాకు మళ్ళించిన ఆ యుక్తి మన కర్మాగారాల చరిత్రలో చెప్పుకోదగినది.

రెండవ మలుపు

1980లో నాటో కూటమి 5.56×45ను రెండవ ప్రమాణంగా అంగీకరించింది. ఆ దశకంలోనే పుణెలోని ఆయుధ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఇన్సాస్ రూపకల్పనకు పూనుకొని ఇదే క్యాలిబర్‌ను ఎంచుకొన్నది. సైనికుడు అదే బరువుకు రెట్టింపు తూటాలు మోయగలగడం ఇందులోని ప్రధాన లాభం. శత్రువు గాయపడితే అతనిని మోయడానికి మరి ఇద్దరు యుద్ధం నుండి తొలగుతారన్న వాదన కూడా అప్పట్లో వినిపించేది.

రైఫిల్ సిద్ధమైనది, తూటా సిద్ధం కాలేదు. 5.56 తూటాల దేశీయ ఉత్పత్తి అందిరానందున భారీ ఉత్పత్తి ఆలస్యమై, ఇజ్రాయెల్ నుండి తూటాలు కొనవలసి వచ్చింది. ఈలోగా సైన్యం అవసరం ఆగదు గనుక 1990ల తొలి సంవత్సరాలలో సుమారు లక్ష ఏకేఎం తరహా రైఫిళ్లను విదేశాల నుండి తెప్పించారు. ఇన్సాస్ 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో కనిపించింది. మరుసటి సంవత్సరమే కార్గిల్ శిఖరాలకు చేరింది. ఆ చలిలో ప్లాస్టిక్ మ్యాగజీన్లు చిట్లుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. అది పదార్థ లోపమే గాని క్యాలిబర్ లోపం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే ఒక తప్పుకు మరొక దానిని శిక్షించినట్లవుతుంది.

క్యాలిబర్‌పై నిజమైన విమర్శ వేరు. ఉగ్రవాదంతో పోరాటంలో గాయపడిన ప్రత్యర్థిని మోసుకొనిపోయే సహచరులు ఉండరు. గాయపడినవాడే తిరిగి కాల్చవచ్చు. అంత దగ్గర పోరులో ఒకే గుండుకు అతనిని నిలువరించగలమా లేదా అన్నది మన జవాను ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

మూడవ మలుపు

గొట్టం మార్చుకొని రెండు క్యాలిబర్లలో వాడగల రైఫిల్ కోసం 2011లో పిలిచిన టెండరు 2015లో రద్దయింది. అన్నీ చేయగల ఆయుధం కాగితంపై అందంగా ఉంటుంది. అయితే బరువు, ఖర్చు, రెండు రకాల తూటాల సరఫరా అనే భారాలు దానిని వెన్నాడతాయి.

ఆ పిదప సైన్యం అవసరాన్ని రెండుగా విభజించుకొన్నది. దూరపు గురికి 7.62×51లో సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొనుగోలు చేయడానికి 2019లో ఒప్పందం జరిగింది. సాధారణ పదాతిదళానికి 7.62×39లో ఏకే-203 రైఫిళ్లు 6,01,427 దేశంలోనే తయారుచేయడానికి 2021 డిసెంబరులో రష్యాతో ఒప్పందం కుదిరింది. వీటికి ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వా కర్మాగారం వేదిక. 2024 జనవరిలో పుణె సంస్థ, హైదరాబాదుకు చెందిన ద్వీప ఆర్మర్ ఇండియా కలసి 7.62×51లో ‘ఉగ్రం’ రైఫిల్‌ను ఆవిష్కరించాయి. నాలుగు కిలోల లోపు బరువు, 500 మీటర్ల ప్రభావ పరిధి గల ఈ రైఫిల్ రూపకల్పనలో తెలుగు నేలకు భాగం దక్కడం మనకు సంతోషకరం.

మనం గ్రహించవలసినది

2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాలు ఏడు ప్రభుత్వరంగ సంస్థలుగా ఏర్పడ్డాయి. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా క్రిందికి, వరణ్‌గావ్ తూటాల కర్మాగారం మ్యునిషన్స్ ఇండియా క్రిందికి వచ్చాయి. రైఫిల్ ఒక సంస్థది, తూటా మరొక సంస్థది. ఇక క్యాలిబర్ అన్నది ఆ రెండింటి నడుమ మాట వంటిది. ఒకరు మాట నిలుపుకొని మరొకరు వెనుకబడితే ఏమవుతుందో ఇన్సాస్ తొలినాళ్లు చూపాయి.

కనుక క్యాలిబర్ ఎంచుకొనేటప్పుడు వరుస ఇలా ఉండాలని మేము భావిస్తాము. పోరు ఎంత దూరంలో, ఎవరితో అన్నది మొదట తేలాలి. సైనికుడు ఎంత బరువు మోయగలడన్నది తరువాత. ఆ తూటాను యుద్ధకాలంలోనూ ఆగకుండా మనమే చేయగలమా అన్నది ఆ తరువాత. ఈ మూడింటికీ జవాబు దొరికాకనే రూపశిల్పి పెన్సిలు పట్టాలి. గేజీ చేతబట్టి గొట్టాన్ని పరీక్షించే కార్మికునికి మిల్లీమీటరులో నూరవ వంతు విలువ తెలుసు. ఆ అంకెను నిర్ణయించేవారికీ అంతటి నిష్ఠే అవసరం. ఎందుకంటే దాని తప్పొప్పులు చివరకు తేలేది సరిహద్దు శిఖరంపై కాపలా కాసే జవాను చేతిలోనే.