బడి మీటింగుకు పోదాం

మిరప కోతలు వస్తే తల్లులు చేలకు పోతారు. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కొన్ని ఇళ్ళలో ఇది ఇంకా ఉంది.

అందుకే బడి మీటింగుకు తల్లి పోవాలి. అది ఆమె హక్కు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సర్కారు బడికి కమిటీ ఉండాలి. నలుగురిలో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులే కావాలి. సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల మీటింగులు జరిగాయి.

మీటింగులో ఏమి అడగాలి? పిల్లకు చదవడం వచ్చిందా? లెక్కలు వచ్చాయా? మధ్యాహ్నం అన్నం బాగుంటోందా?

ప్రోగ్రెస్ కార్డులో హాజరు చూడండి. కోతల నెలలో అంకె తగ్గిందా? పోయిన పాఠాలు ఎలా చెబుతారో పంతులమ్మను అడగండి. చదివి, సంతకం పెట్టండి. వేలిముద్ర వద్దు.